కాల్పుల వరుస

మార్చి 3, ఆదివారం

మధ్యాహ్నం మా భోజనాల బల్ల మీద జంట సూర్యుల మండలం పతనమైంది. సాయంత్రం దాకా బల్ల ఖాళీ కాలేదు. వివాదం తేలేవరకు పగిలిన ఓడల్ని ఎవరూ ముట్టుకోకూడదట. ఆ ఓడలు బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కలు. వాటి చుట్టూ నలుగురు పెద్ద మనుషులు చేతులు వెనక్కి కట్టుకుని, ఐసీయూ అద్దం బయట చుట్టాల్లాగా నిలబడ్డారు.

ఆరు నెలలుగా ఇదే తంతు. ఆదివారం రెండు కొట్టగానే మా ఆయన నక్షత్రాల పటం పరుస్తాడు. బస్సు డిపోలో టైమ్ కీపరు కదా, రెండు దాటి ఒక్క నిమిషం కూడా కానివ్వడు. ఆయన పెద్ద ఓడ పేరు ‘సమయపాలన’. పై వాటాలోని పళ్ళ డాక్టరు ఓడ ‘జ్ఞానదంతం’. కింది వాటాలో ఉండే మా మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. అతని సామ్రాజ్యం నాలుగో యుద్ధంలోనే కుప్పకూలింది కనుక ఇప్పుడు అందరికీ టీ పెడతాడు, తనను ఓడించినవాళ్ళ ఓడలకు రంగులు వేస్తాడు. అతని భార్య, అంటే నా తోడికోడలు, డ్రైవింగ్ స్కూల్లో బండి నేర్పుతుంది. ఆమె ఓడ పేరు ‘ఎల్ బోర్డు’. నవ్వు తెప్పించాలని పెట్టిన పేరు. నాకు రాలేదు.

నేను ఆడను. నేను రూల్స్. ఆట పుస్తకం పరాయి భాషలో ఉంది. ఆ భాష ఈ ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. నూట పన్నెండు పేజీలు తెలుగు చేసి ఇచ్చాను. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలను పదకొండేళ్ళుగా తెలుగు చేస్తున్నదాన్ని, ఇదో లెక్కా. నేను రాసిన వాక్యానికి ఒకటే అర్థం ఉంటుంది.

ఇప్పటిదాకా ఆడినవి చిన్న యుద్ధాలు. వాటిలో ఇద్దరూ ఒకేసారి కాలుస్తారు, పేచీ లేదు. పెద్ద యుద్ధాల అధ్యాయం ఈరోజే మొదలైంది. ఇద్దరూ చీటీ తీయాలి. చిన్న అంకె వచ్చినవాళ్ళు ముందు ఓడలు కదపాలి. పెద్ద అంకె వచ్చినవాళ్ళు ఎదుటివాళ్ళు ఎక్కడ ఆగారో చూసుకుని తీరిగ్గా కదపొచ్చు. ఆపైన కాల్పులు. ముందు ఎవరు కాల్చాలి? నా వాక్యం ఇది: “కాల్పులలో ఈ వరుస తిరిగి నడుస్తుంది.”

తోడికోడలికి పెద్ద అంకె వచ్చింది. మా ఆయన కదిపేదాకా ఆగి, తన ఓడలు తెచ్చి ఆయన ఓడల వీపులకు ఆనించింది. ఆమె ఉద్దేశంలో ‘తిరిగి’ అంటే వరుస తిరగబడుతుంది, చివర కదిలిన తనే ముందు కాలుస్తుంది. మా ఆయన ఉద్దేశంలో ‘తిరిగి’ అంటే మళ్ళీ. అదే వరుస మళ్ళీ. ముందు కదిలింది తాను కనుక ముందు కాల్చేదీ తానే. నలుగురూ నా వైపు చూశారు.

అదే వరుస మళ్ళీ, అన్నాను. అరక్షణం కూడా తడబడలేదు. ఆయన కాల్చాడు. మూడు ఓడలు పోయాయి, వాటితోపాటు మండలం పోయింది.

వెళ్ళేటప్పుడు తోడికోడలు ఓడల డబ్బా చంకన పెట్టుకుని, “ఒకసారి ఆ అసలు పుస్తకం చూడు అక్కా,” అంది.

రాసింది నేను. చూసేదేముంది.

మార్చి 4, సోమవారం

చూడాల్సిన అవసరం లేదు.

మార్చి 6, బుధవారం

ఆఫీసులో సెక్షన్ హెడ్ పిలిచాడు. నా కాగితం ఒకటి బల్ల మీద ఉంది, దాని పక్కన అది చదివి మందు వాడిన ఎవరో ఆవిడ ఉత్తరం. కడుపులో మంటకు ఇచ్చే మాత్ర. నేను రాసింది: “భోజనం ముందు వేసుకోవాలి.” అరగంట ముందన్నది పై పేరాలో ఉంది. పై పేరా ఎవరు చదువుతారు. ఆవిడ తొమ్మిది రోజులు కంచం నిండా వడ్డించుకుని, దాని ముందు కూర్చుని, మాత్ర మింగి, వెంటనే తిన్నది. భోజనం ముందే కదా. మంట తగ్గకపోగా పెరిగింది.

‘భోజనానికి ముందు’ అని రాయవచ్చు కదా అన్నాడు హెడ్. ఆ కాగితం అరచేతి వెడల్పు ఉంటుంది. అందులో పదహారు హెచ్చరికలు ఇరికించాలి. ఒక్కో అక్షరానికి చోటు వెతుక్కుంటాను నేను. ఆ సంగతి చెప్పి, తెలుగు వచ్చిన ఎవరికైనా అర్థమవుతుందని కూడా చెప్పాను. ఉత్తరం తెలుగులోనే ఉందన్నాడు. చేతిరాత కూడా బాగుంది.

ఒక ఫారం ఇచ్చాడు. అందులో ఉన్నది ఒకటే ప్రశ్న: ఈ వాక్యానికి రెండో అర్థం ఉందా? ఉంది అంటే నా పదకొండేళ్ళ కాగితాలన్నీ మొదటి నుంచి పరీక్షకు వెళ్తాయి. లేదు అంటే ఆవిడకు సరిగా చదవడం రాదని మర్యాదగా ఒక జవాబు వెళ్తుంది. నెలాఖరు దాకా గడువు.

దీనికి గడువు ఎందుకో అర్థం కాలేదు.

మార్చి 10, ఆదివారం

ఈరోజు యుద్ధం జరగలేదు, నిఘంటువు జరిగింది. మరిది ఎక్కడి నుంచో ఇటుకంత పుస్తకం మోసుకొచ్చాడు. ‘తిరిగి’కి అందులో రెండు అర్థాలూ ఉన్నాయి: మళ్ళీ, వెనుకకు. నిఘంటువుకు ఎవరి భయం ఉందో తెలియదు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ ఉదాహరణలు విసిరారు. ఊడిన పన్ను తిరిగి రాదు, అంటే మళ్ళీ రాదనే కదా అన్నాడు డాక్టరు. బజారుకు వెళ్ళినవాడు తిరిగి వచ్చాడంటే మళ్ళీ వచ్చాడనా, వెనక్కి వచ్చాడనా అని తోడికోడలు అడిగింది. మా ఆయన గొంతు సవరించుకుని, మా డిపోలో బస్సు తిరిగి బయల్దేరింది అంటే, అని మొదలుపెట్టి, ఆ బస్సు ఏ దిక్కుకు బయల్దేరుతుందో గుర్తొచ్చి, టీ కప్పు అందుకున్నాడు. అది ఖాళీ కప్పు. అయినా తాగాడు.

చివరికి నేను కల్పించుకుని, మాటకు అర్థం సందర్భం ఇస్తుందని పావుగంట చెప్పాను. బాగా చెప్పాను. డాక్టరు తల ఊపాడు. తోడికోడలు నా ముఖమే చూస్తూ కూర్చుంది. బండి నేర్చుకునేవాళ్ళ కాళ్ళను చూస్తుంది కాబోలు అలా.

మార్చి 12, మంగళవారం

చూశాను.

మార్చి 13, బుధవారం

కిటికీ తెరలు ఉతికాను. ఎంత దుమ్మో. హాల్లో తెరలు రంగు వెలిసిపోయాయి, మార్చాలి. బీరువాలో కింది అర సర్ది, పనికిరాని పుస్తకాలన్నీ పాత దుప్పట్ల కింద పెట్టాను. అక్కడ పురుగు పట్టదు.

మార్చి 16, శనివారం

ఆలోచిస్తే, ఆట రూలు అంటే ఏమిటి? ఆడేవాళ్ళ మధ్య ఒప్పందం. ఎక్కడో ఎవడో ఏ భాషలోనో ఏదో రాశాడని మన బల్ల మీద మనం ఎందుకు అలాగే నడవాలి? అందరం ఒక పద్ధతికి ఒప్పుకున్నాక అదే రూలు. ఇది నాకు ఇంతకుముందు ఎందుకు తట్టలేదో.

రేపు అందరికీ చెప్పాలి.

మార్చి 17, ఆదివారం

చెప్పాను. డాక్టరు మళ్ళీ తల ఊపాడు. ఆయన రోజంతా నోరు తెరిచి ఉన్నవాళ్ళతో మాట్లాడతాడు, ఎదురు జవాబులు అలవాటు లేవు.

తోడికోడలు వాదించలేదు. సరే, అదే వరుస అంటే అదే వరుస, అంది. తర్వాత రెండు గంటల్లో మా ఆయన నౌకాదళాన్ని ఉతికి ఆరేసింది. పద్ధతి చాలా తేలిక. చిన్న అంకె వస్తే ముందు కదులుతుంది, నేరుగా ఆయన ముక్కు మీదికి వెళ్ళి, ముందు కాలుస్తుంది. పెద్ద అంకె వస్తే అందనంత దూరంలో ఆగుతుంది. అంతే. ఆయనకు పెద్ద అంకె వచ్చిన ప్రతిసారీ గెలిచినట్టు సంబరపడి దగ్గరికి వెళ్ళాడు, ప్రతిసారీ దెబ్బ తిన్నాడు. నాలుగోసారి కూడా సంబరపడ్డాడు.

చాలా హాయిగా ఉంది. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. పోయిన మూడు ఓడలకు ఏడు వచ్చాయి ఆమెకు. నా మాట పట్టుకునే గెలిచింది. ఒక రకంగా నేనే గెలిపించాను.

మార్చి 24, ఆదివారం

ఈరోజు యుద్ధం కూడా తోడికోడలిదే. ఇక మిగిలింది వచ్చే ఆదివారం ఆఖరి యుద్ధం. డాక్టరు తన నక్షత్రాలు పంచేసి తప్పుకున్నాడు కనుక అది వాళ్ళిద్దరి మధ్యే.

ఓడలు డబ్బాలో పెడుతూ మా ఆయన ఒక విషయం కనిపెట్టాడు. ‘తిరిగి’ అంటే వెనక్కి అట. డిపోలో నోటీసులు రాసేవాణ్ణి అడిగి వచ్చాడట. ఈయన ఇరవై ఒక్క రోజుల కింద ఇదే బల్ల దగ్గర, ‘తిరిగి’ అంటే మళ్ళీ అని ఒకటో తరగతి పిల్లలకైనా తెలుసునన్న మనిషి. అన్నయ్యా నువ్వే కదా అన్నావు అని మరిది అంటే, నేను అప్పుడు సందర్భం చూడలేదు అన్నాడు. సందర్భం గురించి ఆయనకు చెప్పింది నేనే.

అసలు పుస్తకం తీయమన్నాడు. నేను రూలు ఒప్పందమన్నాను. నువ్వు చూశావా లేదా అని అడగలేదు. ఆయనకు ఆ అనుమానం రాదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేను తప్పు చేసి ఉంటానన్న అనుమానం ఆయనకు ఒక్కసారి కూడా రాలేదు. దీన్ని నమ్మకమంటారో పరాకంటారో తెలియదు.

మార్చి 26, మంగళవారం

పుస్తకంలో ఉన్న మాటకు తలకిందులు అన్న అర్థం తప్ప ఇంకొకటి లేదు. నేను అనువాదం తప్పు చేయలేదు. ఆ మాటకు సరిపోయే తెలుగు మాటే వేశాను. రెండు వైపులా తెరుచుకునే తలుపు పెట్టి, తెరవకూడని వైపు నేనే తెరిచి, అందరినీ పంపాను.

ఇప్పుడు నిజం చెప్తే లాభపడేది మా ఆయన. చెప్పకపోతే లాభపడేది ఆమె. మొదటిసారి అన్యాయం జరిగింది ఆమెకు. కనుక నోరు మూసుకోవడమే న్యాయం. న్యాయం ఇంత బుద్ధిగా వచ్చి నా పక్కన కూర్చోవడం నాకు కూడా కొంచెం ఎబ్బెట్టుగా ఉంది.

మార్చి 29, శుక్రవారం

ఫారం అడిగాడు హెడ్. సోమవారం ఇస్తానన్నాను.

మార్చి 31, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రెండింటికి పటం పరిచారు. చీటీలు తీయబోయే ముందు మా ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు: వరుస సంగతి తేల్చాకే ఆట. మరిది తన భార్య వైపు, డాక్టరు ఇద్దరి వైపు. నేను ఒప్పందం అన్నాను, ఒప్పుకున్నాక రెండు యుద్ధాలు ఇలాగే ఆడాం అన్నాను, మధ్యలో మార్చడం మర్యాద కాదన్నాను.

తోడికోడలు తన ఓడలు వరుసగా పేర్చుకుంటోంది. తల ఎత్తకుండా అడిగింది.

“పుస్తకం చూశావా అక్కా?”

చూశానన్నాను. అబద్ధం చెప్పాలనుకున్నాను, నోటికి సమయానికి అందలేదు.

“ఎప్పుడు?”

ఏమి ఉందని అడుగుతుందనుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు కూర్చుకుని ఉన్నాను. ఎప్పుడు అని అడుగుతుందనుకోలేదు. పన్నెండో తారీఖు అన్నాను. ఉన్న నిజమంతా చెప్పాను: వరుస తలకిందులు అవుతుందని, జంట సూర్యుల దగ్గర ముందు కాల్చాల్సింది ఆమేనని.

మా ఆయన బల్ల మీద చెయ్యి వేసి, “నేను చెప్పలా?” అన్నాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

“నాకు తెలుసు,” అంది ఆమె. “రూలు సంగతి కాదు. నువ్వు చూసిన సంగతి. సిగ్నల్ చూడనివాడు దర్జాగా దాటేస్తాడు. చూసినవాడే కొంచెం స్లో చేసి, అటూ ఇటూ చూసి దాటతాడు. మొదటి రెండు వారాలు నువ్వు దర్జాగా దాటావు. తర్వాత నుంచి స్లో చేస్తున్నావు.”

ఆమె గొంతులో కోపం లేదు. రోజూ పదిమందికి చెప్పే గొంతే.

ఈ మూడు యుద్ధాలూ కొట్టేసి మళ్ళీ ఆడదామన్నాడు డాక్టరు. ఆమె ఒప్పుకోలేదు. ఓడిన రోజు అడిగితే ఇవ్వనిది ఇప్పుడు జాలిపడి ఇస్తే తనకొద్దంది. ఈరోజు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే ఆడదామంది. ‘ముందు ఎవరు కదపాలో రూల్స్ చూసేవాళ్ళని చెప్పమనండి’ అని మరిదితో అంది. నేను మూరెడు దూరంలో ఉన్నాను.

చెప్పాను. చీటీల్లో ఆయనకు వరుసగా మూడుసార్లు పెద్ద అంకె వచ్చింది. సరైన రూలు ప్రకారం పెద్ద అంకెకు రెండు లాభాలూ దక్కుతాయి: చివర కదలడం, ముందు కాల్చడం. నాలుగో రౌండుకు ఎల్ బోర్డు పోయింది. ఆఖరి యుద్ధంతోపాటు మొత్తం దండయాత్ర మా ఆయన గెలిచాడు. నేను నిజం చెప్పడం వల్ల గెలిచాడు. లేచి నిలబడి, అభినందనల కోసం కాసేపు అలాగే నిలబడి, తర్వాత బల్ల చుట్టూ తిరిగి ఫ్యాన్ వేశాడు. ఫ్యాన్ అప్పటికే తిరుగుతోంది కనుక ఆగిపోయింది.

ఆమె వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “వస్తానండీ,” అంది.

పద్దెనిమిదేళ్ళుగా నువ్వు, అక్కా తప్ప ఇంకో మాట తెలియని మనిషి. అండీ.

ఏప్రిల్ 1, సోమవారం

ఉంది అని రాసి సంతకం పెట్టాను. హెడ్ రెండుసార్లు చదివాడు, ఒకే మాట ఉన్నా.

ఏప్రిల్ 2, మంగళవారం

రెండు వందల నలభై కాగితాలు. పద్ధతి ఏమిటంటే, ఆ పరాయి భాష రాని, మందుల సంగతి తెలియని మనిషి ఒకరు నా ఎదురుగా కూర్చుని ప్రతి వాక్యం చదవాలి. తప్పుగా చదవడానికి వీలున్న ప్రతి చోటా తప్పుగా చదవాలి. ఆ మనిషిని నేనే తెచ్చుకోవాలి. హెడ్ దీన్ని శిక్షలా చెప్పలేదు, సౌకర్యంలా చెప్పాడు. ఇలాంటివాళ్ళు ఎలా బతుకుతారో.

ఏప్రిల్ 7, ఆదివారం

రెండు కొట్టింది. ఎవరూ రాలేదు. మా ఆయన పటం పరిచి, ఒక్కడే రెండు వైపులా కూర్చుని ఆడుకున్నాడు. కాసేపటికి తనతో తనే పేచీ పడ్డాడు. నన్ను తీర్పు అడగలేదు.

ఏప్రిల్ 14, ఆదివారం

కింది వాటాకు వెళ్ళాను. నాలుగు మెట్ల దగ్గర ఆగాను, ఇంకో నాలుగు దిగి మళ్ళీ ఆగాను. స్లో చేస్తున్నానని నాకే అర్థమైంది.

మరిది తలుపు తీసి, రా వదినా అని, లోపలికి వెళ్ళి ఏదో పని ఉన్నట్టు కనిపించకుండా పోయాడు. ఆమె బూట్లు తుడుచుకుంటోంది. ముందు క్షమాపణ చెప్పాను. దానికి మూడు పేరాలు సిద్ధం చేసుకుని వెళ్ళాను, రెండో వాక్యం దగ్గర చెయ్యి ఎత్తి ఆపింది. విషయం ఏమిటంది. కాగితాల సంగతి చెప్పాను.

“నేనే ఎందుకు?” అంది.

తప్పుగా చదవడంలో నీ అంత ఎవరూ లేరని చెప్పబోయి, అదెలా వినిపిస్తుందో తట్టి, మిగతావాళ్ళు నేనేం చెప్పినా తల ఊపుతారన్నాను. ఆమె ఇంకో బూటు కూడా తుడిచింది.

“ఒక షరతు. నాకు అర్థం కాకపోతే, చదివినావిడకు అర్థం కాలేదు అని రాయకూడదు. రాసినావిడ సరిగా రాయలేదు అని రాయాలి. ప్రతిసారీ. మీ చేత్తో.”

ఒప్పుకున్నాను. మీ అన్న మాట మాత్రం గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే అంది, నాకు తెలుసు.

ఏప్రిల్ 20, శనివారం

డ్రైవింగ్ స్కూలు ముందు గది. ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ మధ్య ఇరవై నిమిషాలు ఇచ్చింది. గోడల నిండా రోడ్డు గుర్తులు. ప్రతిదానికీ ఒకటే అర్థం. వాటిని చూసి నాకు ఈర్ష్య కలిగింది.

మొదటి కాగితం గొంతు నొప్పి బిళ్ళల సీసాది. ఆమె వేలు పెట్టి చదువుతుంది, వేలు ఆగితే నేను రాయాలి. ఏడు నిమిషాల్లో “రాసినావిడ సరిగా రాయలేదు” అని పదకొండు సార్లు రాశాను. నాలుగోసారికి పొట్టి చేసి ‘రా.స.రా.’ అని పెట్టాను. కుదరదంది. పూర్తిగా రాశాను.

ఆ తర్వాత వాక్యం: “మూత తీసి నోటిలో వేసుకుని నెమ్మదిగా చప్పరించాలి.”

వేలు ఆగింది. మళ్ళీ చదివింది. తల ఎత్తకుండా అడిగింది.

“మూతనా?”

నేను ఆ వాక్యం ఎనిమిదేళ్ళ కింద రాశాను. ఎన్ని లక్షల పెట్టెల్లో వెళ్ళిందో. ఎందరు గొంతు నొప్పితో, బుగ్గన మూత పెట్టుకుని, తగ్గుతుందని ఓపిగ్గా కూర్చున్నారో. ముందు నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఆమె భుజాలు కూడా కదిలాయి. బయట ఎవరో కారు స్టార్టు చేసి, ఆపేసి, మళ్ళీ స్టార్టు చేస్తున్నారు. ఇద్దరం కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాం.

నేను వాక్యానికి నవ్వాను. ఆమె దేనికి నవ్విందో అడగలేదు.